రెండు వాచీలు, ఒకే మిషను

ఏడాదిలో రెండు ఫోన్లు చెరువులో పడేశాను. మొదటిది చెక్ ట్రే పైకి లాగుతుంటే చొక్కా జేబులోంచి జారింది. రెండోది ఎలా పడిందో ఇంట్లో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

మాకు భీమవరం పక్కన కాళ్ళ మండలంలో మూడు రొయ్యల చెరువులున్నాయి. ఈ పనిలో టైముతో అవసరం ఎక్కువ. మేత చల్లాక కొద్దిగా మేత చెక్ ట్రేలో పెట్టి నీళ్ళలోకి దించుతాం. పిల్ల చిన్నదైతే రెండు గంటలకి, సైజు పెరిగేకొద్దీ అంతకంటే ముందే పైకి లాగి చూడాలి. తొందరపడి లాగితే మేత మిగిలిపోయినట్టు కనిపిస్తుంది. ఆలస్యమైతే ఖాళీ ట్రే కనిపిస్తుంది, ఇంకా ఆకలిగా ఉన్నాయనుకుని మేత పెంచేస్తాం. మిగిలిన మేత అడుగున కుళ్ళితే ఆ నష్టం పట్టుబడి రోజు తెలుస్తుంది. ఇదంతా ఫోన్లో అలారం పెట్టుకుని చేసేవాడిని. తడి చేతులతో, మేత దుమ్ము పట్టిన వేళ్ళతో ఫోన్ తీయడం, నొక్కితే అది పలక్కపోవడం, మళ్ళీ లుంగీకి తుడుచుకోవడం. రెండో ఫోన్ పోయాక చేతికి వాచీ పెట్టుకోవాలని తీర్మానించుకున్నాను.

నిజం చెప్పాలంటే 2,000 రూపాయలు పెట్టి నీళ్ళలో తడిసే బ్యాటరీ వాచీ కొంటే పని అయిపోయేది. టైము కూడా దాంట్లోనే కచ్చితంగా ఉంటుంది. మా ఆవిడ కూడా ఆ మాటే అంది. కానీ నాకు చిన్నప్పటి నుంచి కీ ఇచ్చే వాచీ అంటే పిచ్చి. మా నాన్నగారి చేతికి హెచ్‌ఎంటీ జనతా ఉండేది. పొద్దున్నే కాఫీ తాగుతూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ కీ తిప్పేవారు. ఆ కిర్రు కిర్రు వింటే తెల్లారినట్టు లెక్క మాకు. ఆయన పోయాక అది నా బీరువాలో గుడ్డలో చుట్టి ఉంది. చెరువు గట్టు మీదకి దాన్ని తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు. దానికి చెమట పడితేనే భయం.

కాబట్టి నాకు కావాల్సింది ఇది: లోపల బ్యాటరీ ఉండకూడదు, నీళ్ళకి భయపడకూడదు, చీకట్లో ముళ్ళు కనిపించాలి, చుట్టూ తిరిగే రింగు ఉండాలి. ఆ రింగు మీద ఉండే గుర్తుని పెద్దముల్లుకి ఎదురుగా తిప్పి పెట్టుకుంటే మేత వేసి ఎంతసేపయిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. సముద్రంలో మునిగేవాళ్ళ కోసం పుట్టిన ఏర్పాటు అది. మా చెక్ ట్రేకి అంతకంటే బాగా సరిపోయింది.

పెద్ద కంపెనీల వాచీలు ముందు చూశాను. నచ్చినవి అందవు, అందేవి నచ్చవు. అలా వెతుకుతుంటే ఒకరిద్దరు మనుషులు మొదలుపెట్టి ఏడాదికి కొద్ది మోడళ్ళే చేసే చిన్న కంపెనీలు కనిపించాయి. మన దేశంలోనూ ఉన్నాయి. జైపూర్ వాచ్ కంపెనీ వాళ్ళు బ్రిటిష్ కాలపు నాణేలనే డయల్‌గా పెడతారు. చూస్తే కళ్ళు తిప్పుకోలేం గానీ అది పెళ్ళికి పెట్టుకెళ్ళే వాచీ, సున్నం చల్లేటప్పుడు కాదు. బెంగళూరు వాచ్ కంపెనీ 2018లో మొదలైంది. మిగ్-21 విమానాన్ని తలపించే మోడల్ ఒకటి చేశారు. దాని దగ్గర చాలాసేపు ఆగాను. నా బడ్జెట్ మాత్రం ఆగలేదు, అక్కడికి వెళ్ళకుండానే అయిపోయింది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఫ్రాన్సులోని బాల్టిక్ వాళ్ళ అక్వాస్కాఫ్. రెండోది న్యూయార్క్‌లో ఒక భార్యాభర్తల జంట నడిపే లోరియర్ వాళ్ళ నెప్ట్యూన్. రెండూ పాతకాలపు డైవింగ్ వాచీల పోలికతో చేసినవే.

కాగితం మీద రెండూ కవల పిల్లలు. అడ్డంగా కొలిస్తే 39 మిల్లీమీటర్లు, బెల్టు తగిలించే కొమ్ములున్నాయే, వాటిలో పై కొమ్ము నుంచి కింది కొమ్ముకి 47. నీళ్ళలో 200 మీటర్ల లోతు దాకా తట్టుకుంటాయంటారు. కీని మర తిప్పి బిగించాలి, ఊరికే నొక్కితే సరిపోదు. డయల్ మీద తేదీ రెండింటికీ లేదు. లోపలి మిషన్లు చూద్దును కదా, ఒకదాంట్లో మియోటా 9039, ఇంకోదాంట్లో మియోటా 90S5. పేర్లు వేరే గానీ ఒకే తల్లి పిల్లలు. చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్ళు 24, సెకనుకి 8 టిక్కులు, పూర్తిగా కీ ఎక్కితే 42 గంటల నడక. రోజుకి 10 సెకన్లు వెనక్కీ 30 సెకన్లు ముందుకీ పోవచ్చని తయారుచేసిన వాళ్ళే ఒప్పుకుంటారు. ఇక తేడా ఎక్కడుంది? గ్లాసు దగ్గర. బాల్టిక్‌కి గీతలు పడని సఫైర్ గ్లాసు, రింగు మీద కూడా సఫైరే. లోరియర్‌కి ఉబ్బెత్తు ప్లాస్టిక్ గ్లాసు, అచ్చం నాన్నగారి జనతాకి ఉన్నలాంటిది.

ఈ ఒక్క తేడా మీద మూడు వారాలు కొట్టుకున్నాను. రాత్రి రెండింటికి చెరువు నీళ్ళలో గాలి కలిపే ఎయిరేటర్లు చూడటానికి లేచి, చూసేసి, మళ్ళీ మంచం మీద పడుకుని రెండు వాచీల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని జూమ్ చేసేవాడిని. "ఏవండీ, పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నా ఫొటో కూడా ఇన్నిసార్లు చూడలేదు మీరు" అంది మా ఆవిడ, అటు తిరిగి పడుకునే.

మనసు మాత్రం బాల్టిక్ వైపే ఉంది. దాని నీలం డయల్ అంత బాగుంటుంది. పైగా ఆ కంపెనీ పుట్టిన కథ నన్ను పట్టేసింది. దాన్ని పెట్టినాయన పేరు ఎటియెన్ మలెక్. వాళ్ళ నాన్నకి వాచీలు పోగుచేసే అలవాటు, వాటి గురించి రాసి పెట్టుకునే అలవాటు. తండ్రి పోయాక కొడుక్కి ఆ వాచీలూ రాతలూ దొరికాయి. ఆ తండ్రిది బాల్టిక్ సముద్రం దగ్గరి పోలండ్, అందుకే ఆ పేరు. 2017లో జనం దగ్గర ముందుగా ఆర్డర్ల డబ్బు పోగుచేసి మొదలుపెట్టారు. వాచీలని బెజాన్సన్ అనే ఊళ్ళో బిగిస్తారు, ఫ్రాన్సులో గడియారాలకి పేరుపడ్డ ఊరు అది. బీరువాలో గుడ్డచుట్టిన జనతా ఉన్నవాడికి ఈ కథ చెబితే ఏమవుతుంది చెప్పండి.

కొనేసేవాడినే. సంక్రాంతి అడ్డొచ్చింది.

ఈలోగా ఒక పని చేశాను, ఎవరైనా చూడకుండా వాచీ తెప్పించుకునేవాళ్ళు తప్పకుండా చేయాల్సిన పని. పాత శుభలేఖ అట్ట మీద 39 మిల్లీమీటర్ల గుండ్రం గీసి, పైకీ కిందకీ కొమ్ములు కలిపి 47 వచ్చేలా కత్తిరించి, రబ్బరు బ్యాండుతో మణికట్టుకి కట్టుకున్నాను. ఒక పూటంతా అలాగే తిరిగాను. నాది సన్నపు చెయ్యి. కొమ్ములు మణికట్టు దాటి బయటికొస్తే వాచీ ఎంత మంచిదైనా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. రాలేదు, సరిపోయింది. పాలేరు కుర్రాడు "దెబ్బ తగిలిందేటండీ?" అని అడిగాడు.

భోగి ముందు రోజు మా అక్క కొడుకు న్యూజెర్సీ నుంచి దిగాడు. వాడి చేతికి చూస్తే లోరియర్ నెప్ట్యూన్! ఈ జిల్లా మొత్తంలో ఇంకొకటి ఉంటుందా అంటే అనుమానమే. ఇంటికొచ్చిన చుట్టాలంతా "యాపిల్ వాచీ కాదేంట్రా, ఉద్యోగం బానే ఉందా?" అని వాణ్ణి పరామర్శిస్తున్నారు. నేను మాత్రం వాడు స్నానానికి వెళ్ళే వేళ కోసం కాచుకుని కూర్చున్నాను.

చేతిలోకి తీసుకున్నాక మొదట కనిపించింది గీతలు. గ్లాసు నిండా సన్నగా, వెంట్రుకల్లా. ఒకటి మాత్రం లోతుగా, నాలుగు గంటల గుర్తు మీదుగా. ఇంతే సంగతులు, బాల్టిక్కే అనుకున్నాను. వాడు తల తుడుచుకుంటూ వచ్చి, "అది పెద్ద విషయం కాదు మావయ్యా, రుద్దితే పోతుంది" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. నాన్నగారు ఆదివారం పూట అరుగు మీద కూర్చుని జనతా గ్లాసు మీద టూత్‌పేస్ట్ రాసి పాత పంచె ముక్కతో గుండ్రంగా రుద్దేవారు. తెల్ల పేస్టే కావాలి, జెల్ పనికిరాదు. అదే పని ఆ అరుగు మీదే నేనూ మేనల్లుడూ చేశాం. రింగు మీద పేస్ట్ పడకుండా చుట్టూ టేపు అంటించి, పావుగంట రుద్ది, తడిగుడ్డతో తుడిచాం. వెంట్రుక గీతలన్నీ మాయమయ్యాయి. లోతు గీత మిగిలింది గానీ వెతికితే తప్ప కనపడదు. మెరిసే ఆ ఉబ్బు గ్లాసు కింద డయల్ అంచులు నీళ్ళలో చూసినట్టు వంగి కనిపించాయి. సఫైర్ గ్లాసు కింద ఈ అందం ఇంత ఉండదు. ఫొటోల్లో ఇది నాకు తెలియలేదు.

అయినా తేల్చుకోలేక ముక్కనుమ వెళ్ళాక మేనల్లుణ్ణి బతిమాలి వాచీ ఒక పూట అరువు తీసుకుని, జనతాని కూడా జేబులో వేసుకుని భీమవరం వెళ్ళాను. మావుళ్ళమ్మ గుడి దారిలో ఒక వాచీ రిపేరు కొట్టుంది. కొట్టంటే గాజు పెట్టె, దాని వెనక స్టూలు, ఒక బల్బు, అంతే. ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి, అందరూ బాబాయ్ అంటారు. జనతా చూడగానే, "మీ నాన్నగారిది కదూ? దీనికి బెల్టు నేనే మార్చేవాణ్ణి" అన్నారు.

లోరియర్ ఇచ్చాను. తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగి దానంతటదే కీ ఎక్కించే బరువు చక్రం లోపల గిర్రుమంది. "ఒకవైపు తిరిగినప్పుడే కీ ఎక్కుద్ది, ఇంకోవైపు ఉత్తినే తిరుగుద్ది. అందుకే ఈ గోల. ఏ మిషను?"

"మియోటా అంట బాబాయ్."

ఆయన నవ్వి పక్కనున్న రేకు డబ్బా మూత తీశారు. దాన్నిండా పాడైన బ్యాటరీ మిషన్లు. "వీటిలో సగం మియోటావే. సిటిజన్ వాళ్ళ కంపెనీ కదండీ అది." తర్వాత జనతా వెనక మూత విప్పి, కంటికి భూతద్దం బిగించుకుని లోపలికి చూస్తూ, "ఇది మాత్రం ఎవరు నేర్పిందనుకున్నారు? వాళ్ళే" అన్నారు.

హెచ్‌ఎంటీ వాచీల సంగతి నాకు తెలియనిది కాదు. 1961లో బెంగళూరులో ఫ్యాక్టరీ పెట్టినప్పుడు పనితనం నేర్పింది జపాన్ సిటిజన్ కంపెనీయే. హెచ్‌ఎంటీ వాచీల విభాగం మూసేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించినప్పుడు ఇదంతా చదివి బాధపడ్డవాణ్ణే. కానీ మియోటా, సిటిజన్, జనతా, ఈ మూడూ ఒక గీత మీద ఉన్నాయన్న సంగతి ఆ బల్బు కింద కూర్చునేదాకా బుర్రకి ఎక్కలేదు. మూడు వారాలు పారిస్, న్యూయార్క్ అంటూ తిరిగి తిరిగి నాన్నగారి వాచీ చుట్టాల ఇంటికే వచ్చాను. కాకపోతే జనతా సెకనుకి 5 సార్లు కొట్టుకుంటుంది, ఇవి 8 సార్లు. బాబాయ్ రెండూ నా రెండు చెవుల దగ్గరా పెట్టి వినిపించారు. జనతా నడిచి వెళ్తున్నట్టుంటే ఇది సైకిలు తొక్కుతున్నట్టుంది.

అసలు అడగాల్సింది అప్పుడు అడిగాను. "ఇది ఆగిపోతే నువ్వు చూడగలవా?"

"శుభ్రం చేసి నూనె పెట్టమంటే పెడతా. లోపల పార్టు పోయిందనుకో, ఒక్క పార్టు కోసం ఎక్కడ తిరుగుతాం? మొత్తం మిషనే తెప్పించుకో, బిగిస్తా. మిషను గురించి నీకు బెంగెందుకు, రెండింటికీ అదే అంటున్నావుగా. గ్లాసు సంగతి చూసుకో." ఫోన్లో బాల్టిక్ ఫొటో చూపించాను. సఫైర్ అంటే గీత పడదు, అది ఆయనా ఒప్పుకున్నారు. "కానీ రాయి మీద పడి పగిలిందంటే పలుకులై లోపలికి దిగుద్ది. చక్రాల మధ్య ఇసుక పోసినట్టే. ప్లాస్టిక్‌ది పగిలితే బీట వస్తది, ముక్కలవ్వదు. గీతలంటావా, మీ నాన్నగారికి రాని తెలివి నీకెందుకు, రుద్దుకో."

చంద్రుడి మీదకి వెళ్ళిన ఒమేగా స్పీడ్‌మాస్టర్‌కి కూడా ప్లాస్టిక్ గ్లాసే అని నా పరిజ్ఞానం కొంచెం చూపించబోయాను. "అక్కడ ఉప్పునీళ్ళు లేవు కదండీ" అన్నారు, జనతా మూత బిగిస్తూ.

లోరియరే తీసుకున్నాను. బాల్టిక్ తక్కువదని కాదు. ఏసీ గదిలో ఉద్యోగం చేసుకునేవాడు నన్నడిగితే కళ్ళు మూసుకుని అదే కొనమంటాను, గీతలు పడని గ్లాసు సుఖం సుఖమే. చెరువు గట్టు మీద ఎయిరేటర్ ఇనప చట్రానికీ, సిమెంటు తూముకీ చెయ్యి రోజుకి పదిసార్లు తగిలే నాకు, నేనే బాగుచేసుకోగలిగిన గ్లాసు కావాలనిపించింది. ఆ నీలం డయల్ ఫొటో మాత్రం ఇంకా ఫోన్లోంచి తీసేయలేదు.

ఆర్డరు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. కొరియర్ వాళ్ళు ఆధార్ పంపమన్నారు, పంపాను. కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ కలిపితే వాచీ ఖరీదులో మూడో వంతు పైనే అయింది. ఈ లెక్క ముందే వేసుకోండి. నేను వేసుకున్నాను కాబట్టి బాధ తెలియలేదు, మా ఆవిడకి చెప్పలేదు కాబట్టి ఆమెకీ తెలియలేదు. మేనల్లుడి చేత పంపించుకోవచ్చు కదా అన్నవాళ్ళున్నారు. వాడు మళ్ళీ వచ్చేది వచ్చే సంక్రాంతికి.

వచ్చిన దగ్గర్నుంచి పని తేలికైంది. మొదటి చెరువులో మేత పడగానే రింగు తిప్పుతాను. మూడు చెరువులకి రింగు ఒక్కటే కాబట్టి చెరువుకీ చెరువుకీ పది నిమిషాల తేడా పెట్టుకున్నాను. లెక్క తలలో ఉంటుంది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ కరెంటు పోతే జనరేటర్ ఎన్ని నిమిషాలకి అందుకుందో చూడటానికి టార్చి వెయ్యక్కర్లేదు, ముళ్ళు పచ్చగా వెలుగుతూ కనిపిస్తాయి. నాది రోజుకి 8 సెకన్లు ముందుకి పోతోంది. ఆదివారం ఆదివారం నిమిషం వెనక్కి తిప్పుకుంటాను.

ఆ తిప్పడంలోనే తప్పు చేశాను. ఒక ఆదివారం టైము సరిచేస్తుండగా చెరువు నుంచి ఫోన్, ఎయిరేటర్లు ఆగిపోయాయని. కీ లోపలికి నొక్కాను గానీ మర బిగించడం మర్చిపోయి పరిగెత్తాను. ఎయిరేటర్ రెక్కకి చుట్టుకున్న తాడు తీయడానికి మోచేతి దాకా నీళ్ళలో పెట్టాను. మర్నాడు పొద్దున్న చూస్తే గ్లాసు లోపల మంచు పట్టినట్టు తెల్లగా ఆవిరి. 200 మీటర్ల వాచీ రెండడుగుల నీళ్ళలో మునిగింది.

బియ్యం డబ్బాలో పెట్టి తీసుకెళ్తే బాబాయ్ చూసి, "బియ్యానికి వాసన పట్టుద్ది తప్ప వాచీ ఆరదండీ" అన్నారు. మూత విప్పి, బల్బు కింద ఆరబెట్టి, కీ దగ్గరి రబ్బరు వాషర్ తుడిచి గ్రీజు రాసి బిగించారు. ఉప్పు మిషను దాకా వెళ్ళలేదు, నా అదృష్టం. డబ్బులు తీసుకుంటూ, "ఒకసారి విప్పాక రెండొందల మీటర్లు అని నేను రాసివ్వలేను. ఒత్తిడి చూసే మిషను నా దగ్గర లేదు" అన్నారు. మరి ఎలా తెలుస్తుందంటే ఒక చిట్కా చెప్పారు. వాచీ కాస్త వెచ్చబడ్డాక గ్లాసు నడిమధ్య ఐసునీళ్ళ చుక్క వేసి కొద్దిసేపాగి తుడవాలి. కింద ఆవిరి మచ్చ కట్టి నిలబడిందంటే లోపల తేమ ఉన్నట్టు.

అప్పటి నుంచి ఆదివారం నాకు రెండు పనులు. ఎండలో అరుగు మీద వాచీ పెట్టి, ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్క తెచ్చి గ్లాసు మీద ఒక చుక్క వదులుతాను. ఇంతవరకు మచ్చ కట్టలేదు. మిగిలిన ఐసు ముక్క మా ఆవిడ నా చేతిలోంచి లాక్కుని మజ్జిగలో వేస్తుంది.